చుట్టాలకు కొల్లేరు చూపించాలంటే

సొంత ఊళ్ళో ఉన్నవారికి ఊరు చూపించే పని అంతగా పడదు. వచ్చిన చుట్టానికి భోజనం పెట్టి, మంచం వాల్చి, కష్టసుఖాలు మాట్లాడుకుంటే చాలు. పరాయి సీమలో కాపురమున్నవారి సంగతి వేరు. స్వస్థలం నుండి ఎవరు వచ్చినా "మీరుండే చోటు ఎట్లా ఉంటుందో చూపించండి" అంటారు. మాది అనంతపురం జిల్లా. సంఘ సేవ నిమిత్తం ఏలూరు వచ్చి కొన్ని సంవత్సరాలయింది. ఇక్కడివారు మమ్మల్ని ఎంతో ప్రేమగా చూసుకుంటారు. అయినా నేను నోరు విప్పగానే "అయ్యగారిది మన వైపు కాదండీ" అని నవ్వుకుంటారు. అటువంటి నేను, ఆ మధ్య క్రిస్మస్ పండుగ వెళ్ళిన తరువాత మా ఊరి నుండి వచ్చిన రెండు కుటుంబాలకు ఈ ప్రాంతం చూపించవలసి వచ్చింది.

వారిని ఏలూరులో కాక తాడేపల్లిగూడెంలోనే రైలు దిగమన్నాను. ఆ ఊరిలో ఇప్పుడు పెద్ద ఇంజనీరింగు విద్యాసంస్థ ఉంది, రెండవ ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. నేను చూపించాలనుకున్నది మాత్రం ఉల్లిపాయల మార్కెట్టు. పంట కాలంలో కర్నూలు వైపు రైతులు లారీలకెత్తుకొని ఇంత దూరం వస్తారు. తక్కిన కాలంలో మహారాష్ట్ర సరుకు దిగుతుంది. ఇక్కడివారు ఉల్లిపాయ అనేదాన్ని మేము ఎర్రగడ్డ అంటాము. "ఎర్రగడ్డలకు ఇంత మర్యాదనా!" అని మావాళ్ళు ఆశ్చర్యపోయారు. మన సీమ రైతు కష్టం ఎక్కడ అమ్ముడుపోతున్నదో కంటితో చూసినప్పుడు, పరాయి ఊరు కొంచెం దగ్గరైనట్లు అనిపిస్తుంది.

అక్కడి నుండి ఏలూరు దాకా దారి పొడవునా వరి చేలు, కొబ్బరి చెట్లు, కాలువలు. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ లెక్కలో పెరిగిన కళ్ళకు ఈ పచ్చదనం నమ్మశక్యంగా ఉండదు. నా చిన్ననాటి స్నేహితుడు కిటికీలో నుండి చూస్తూ "ఏమప్పా, ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఈడోళ్ళకు ఇంకేం కష్టముంటాది?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ జవాబు కొల్లేరులో దొరుకుతుందని నాకు తెలుసు.

ఏలూరులో చూడదగినవి చాలా ఉన్నాయి. ఇక్కడి ఉన్ని తివాచీలు పేరుపొందినవి. ఆ నేత నేర్చినవారు పర్షియా దేశం నుండి వచ్చినవారి సంతతి అని చెబుతారు. నేను చుట్టాలను తప్పకుండా నిలబెట్టే చోటు మాత్రం ఊరి మధ్యనున్న కాలువ గట్టు. ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి వచ్చింది. అటు గోదావరి కాలువ, ఇటు కృష్ణ కాలువ వచ్చి ఈ ఏలూరులోనే కలుస్తాయి. ఒకప్పుడు పడవలు ఈ దారిలోనే సరుకులు మోసేవి. ఈ పనులకు మూలపురుషుడైన ఆర్థర్ కాటన్ దొర పరదేశి. అయినా గోదావరి పల్లెలలో ఆయన విగ్రహాలు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. పరాయివాడు ఒక నేలకు ఏమి కాగలడో ఆ విగ్రహాలు నాకు గుర్తు చేస్తుంటాయి.

మరునాడు పొద్దున్నే కొల్లేటికి బయలుదేరాము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో డ్రెయిన్లు తెచ్చే నీటిని ఇది తనలో దాచుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి పంపిస్తుంది. అంటే రెండు డెల్టాల వరదను భరించే పాత్ర అన్నమాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. తరువాత ఆ నీరంతా ఇటే వచ్చింది. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీరెక్కి రాకపోకలు ఆగిపోయాయి.

సరస్సు అనగానే మావాళ్ళు తామరపూలు, తాటిదోనెలు, కనుచూపు మేర నీరు ఊహించుకున్నారు. ముందుగా వారికి కనబడినవి గట్లు, చెరువులు, మేత బస్తాలు, ఐసు పెట్టెలు. బొచ్చె, శీలావతి చేపలను ఐసులో పెట్టి కలకత్తా, అస్సాం దాకా లారీలలో పంపే సీమ ఇది. 1970, 80 దశాబ్దాలలో చేపల చెరువులు పెరిగిపోయి, సరస్సు అందులో కుదించుకుపోయింది. 1999లో ప్రభుత్వం అయిదవ కాంటూరు వరకు, అంటే సముద్రమట్టం నుండి అయిదడుగుల ఎత్తు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ప్రపంచస్థాయి చిత్తడి నేలల రాంసార్ జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో ఆ హద్దు లోపలి చెరువు గట్లను తెగగొట్టారు.

ఆటపాకలో పడవ ఎక్కినప్పుడు పిల్లల సంతోషానికి హద్దు లేదు. ఇనుప స్టాండ్ల మీద, చెట్ల మీద వందలాది గూడబాతులు. వాటినే పెలికాన్ పక్షులంటారు. ఇవి సైబీరియా నుండి వస్తాయని చాలామంది చెబుతుంటారు. అది సరికాదు. చలికాలంలో ఉత్తర దేశాల నుండి వచ్చే బాతులు వేరే ఉన్నాయి. ఈ గూడబాతు మన దక్షిణాసియా పక్షే. గూడు కట్టడానికి అనువైన చోటు, పిల్లలకు చేప దొరికితే చాలు, అక్కడ ఉండిపోతుంది.

దీని వెనుక ఒక కథ ఉంది. పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామంలో గూడబాతుల పెద్ద నివాసమున్నదని 1946లో కనుగొని లోకానికి తెలియజేసినవారు కె. కె. నీలకంఠన్ అనే కేరళీయుడు. ఊరివారు రోజూ చూసే పక్షులే. వాటి విలువను బయటి నుండి వచ్చిన మనిషి చెప్పవలసి వచ్చింది. 1970ల నాటికి ఆ నివాసం లేకుండా పోయింది. మళ్ళీ ఈ సీమలో ఆటపాకలో అవి గూళ్ళు కడుతున్నాయంటే, మనుషులు స్టాండ్లు వేసి చోటిచ్చారు కాబట్టే.

పడవ దిగాక మావాళ్ళు ఇక ఇంటికి పోదామన్నారు. నేను వారిని నాకు పరిచయమున్న ఒక లంక గ్రామానికి తీసుకువెళ్ళాను. ఒక ఇంటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఆమె మమ్మల్ని చూసి లేచి నిలబడింది. "పక్షుల్ని చూడ్డానికి వచ్చారాండీ? అందరూ వాటిని చూసి అటునుంచటే వెళ్ళిపోతారండీ" అంది. ఆ మాటలో కోపం లేదు. మాకు మాత్రం గుచ్చుకుంది.

మా స్నేహితుని భార్య దాహమేసి మంచినీళ్ళడిగింది. ఆమె లోపలికి వెళ్ళి టిన్నులో నుండి గ్లాసు నింపి తెచ్చింది. "చుట్టూ నీళ్ళేనండి. తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలండి" అని నవ్వింది. మా చెల్లెమ్మ ఆ గ్లాసు పట్టుకొని కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆమె పక్కనే అరుగు మీద కూర్చొని "అక్కా, మా ఊర్లో బోర్లు ఎండిపోతే ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టి కూసుంటాం" అని మొదలుపెట్టింది. కరువు సీమ ఇల్లాలు, కొల్లేటి సీమ ఇల్లాలు ఒక బిందె నీళ్ళ దగ్గర స్నేహితులయ్యారు. రైలు దిగిన రోజు మా స్నేహితుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన భార్యకే దొరికింది.

ఇంటి పెద్దాయన 2006 సంగతి చెప్పాడు. "గట్లు పోయాక కొన్నాళ్ళు పనికోసం ఊళ్ళు పట్టుకు తిరిగామండి. సరస్సు బతకాలి, కాదనం. మేమూ బతకాలి కదండీ" అన్నాడు. సరస్సును మూసివేస్తే వరద ఊళ్ళ మీదికి వస్తుంది. తెరిస్తే దానిమీద బ్రతికే పేదవాని పొయ్యి ఆరిపోతుంది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి విని రెండవది వినకుండా వెళ్ళిపోవడం చుట్టపుచూపు. రెండూ విని మోయడం ఆ నేల మీద కాపురముండేవాడి పని.

బయలుదేరేటప్పుడు ఆమె వద్దన్నా వినకుండా ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది. మా చెల్లెమ్మ తాను తెచ్చుకున్న వేరుశనగ ఉండలు ఆ పిల్లల చేతిలో పోసింది.

ప్రియ పాఠకులారా, పిల్లల ఉద్యోగాల వలన, బదిలీల వలన మనలో చాలామంది నేడు పరాయి ఊళ్ళలో ఉంటున్నాము. కొందరు పరాయి దేశాలలోనూ ఉంటున్నారు. పరదేశిని చేర్చుకొమ్మని వాక్యం చెబుతున్నది. ఆ మాట మనలను చేర్చుకున్నవారి పట్ల మన బాధ్యత కూడా గుర్తు చేస్తుంది. మీ యొద్దకు చుట్టాలు వస్తే అందమైన చోట్లు తప్పక చూపించండి. కొల్లేరుకైతే నవంబరు మొదలు మార్చి లోపల రండి, పొద్దున్నే పడవ ఎక్కండి. అయితే మీకు నీళ్ళిచ్చే ఒక గడప దాకా కూడా వారిని తీసుకువెళ్ళండి. అక్కడ ఫోటోలు తక్కువగా తీసుకొని, ఎక్కువసేపు కూర్చోండి.