రాయి లేని సీమలో సాన

కృష్ణ డెల్టాలో మట్టికి కొదవలేదు, నీటికి కొదవలేదు, మాటకు అసలే కొదవలేదు. లేనిదల్లా రాయి. తెనాలి చుట్టుపక్కల పొలాల్లో రోజంతా తిరిగినా కుక్కను అదిలించడానికి ఒక గులకరాయి దొరకదు, మట్టిబెడ్డతోనే సరిపెట్టుకోవాలి. మా ఇళ్ళలోని రోళ్ళు, సన్నికళ్ళు, గడపరాళ్ళు, గుళ్ళలోని స్తంభాలు అన్నీ ఎక్కడో కొండల సీమ నుంచి బండి మీదనో పడవ మీదనో వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవే. ఈ సంగతి నాకు చిన్ననాటినుంచీ తెలిసినదే అయినా, దాని లోతు తెలిసింది మాత్రం మొన్న మార్గశిరంలో, ఒక జపాను కత్తిని సంచిలో పెట్టుకొని తెనాలి, బాపట్ల, రేపల్లె తిరిగినప్పుడు.

కత్తి నాది కాదు. రేపల్లెలో ఉన్న మా అక్కయ్యది. ఆమె కొడుకు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ క్రితం సెలవుకు వచ్చినప్పుడు తల్లికి చీర తేలేదు, గడియారం తేలేదు. జానెడు పొడుగు కత్తి తెచ్చాడు. కత్తిని చేతికి చేయి అందుకొంటే తగవులొస్తాయని అక్కయ్య దాన్ని నేలమీద పెట్టించి మరీ తీసుకొన్నది. దాని పేరు సంతోకు. మూడు సుగుణాలు కలది అని అర్థమట. ఆ దేశపు ఇల్లాండ్రు చేపకూ, మాంసానికీ, కూరగాయలకూ దాన్నే వాడుతారు. అక్కయ్య వంటింట్లో మొదటి రెంటికీ ప్రవేశం లేదు గనుక, పాపం, ఆ కత్తి ఒక్క సుగుణంతోనే కాలక్షేపం చేస్తున్నది. దానితో తరిగితే తెగిన సంగతి దోసకాయకే తెలియదని అక్కయ్య మురిసిపోయేది.

ఇంతలో బావగారి వైపు చుట్టమొకావిడ పెళ్ళిపనులకు వచ్చి, ఆ కత్తితోనే చిప్పలోంచి కొబ్బరి పెకలించింది. అంచు నువ్వుగింజంత మేర ఎగిరిపోయింది. సంక్రాంతికి పిల్లవాడు వస్తున్నాడు.

"వాడు రాగానే ముందు వంటింట్లోకే వస్తాడురా. చూస్తే ఏమీ అనడు. అదే నా బాధ" అన్నది అక్కయ్య ఫోనులో.

తెనాలి పెద్ద ఊరు, అక్కడ కాని పని ఉండదని రేపల్లెవారి నమ్మకం. కత్తి తువ్వాలు చుట్టుకొని నా దగ్గరకు వచ్చింది.

ఆ నమ్మకం పూర్తిగా తప్పు కాదు. మూడు కాలువలు పారే ఈ ఊళ్ళో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. వారి ముందు ఒక వంటింటి కత్తి ఎంత? పైగా మా వీధిలోకి నెలకోసారి సాన పట్టే సాయిబుగారు సైకిలు మీద రానే వస్తారు. సైకిలును స్టాండు మీద నిలబెట్టి తొక్కితే ముందున్న సానచక్రం గిరగిర తిరిగేటట్టు పట్టీ అమర్చుకొన్నారు. "కత్తులు సానబడతాం, కత్తెరలు సానబడతాం" అన్న ఆయన కేకకు మా ఇంటి పిల్లి కూడా లేచి కూర్చుంటుంది. చక్రానికి కత్తిపీట ఆనగానే ఎగిరే నిప్పురవ్వలు చూడడానికి వీధి పిల్లలంతా చేరతారు. నలభై దాటిన లెక్చరర్లు కూడా ఒకరిద్దరు చేరుతుంటారు.

సాయిబుగారు తువ్వాలు విప్పి, కత్తిని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి అంచు వెంబడి చూశారు. వెన్ను మీద గోటితో మీటారు. తిరిగి తువ్వాలు చుట్టి నా చేతిలో పెట్టారు.

"నా వల్ల కాదండీ మాస్టారూ."

"అదేమిటి సాయిబుగారూ? మీ చేతిలో పదునెక్కని కత్తి కూడా ఉందా?"

"పదును ఎక్కుద్దండీ. ప్రాణం పోద్ది. అంచు కాగితమంత పల్చన. చక్రం మీద పెడితే కాకెక్కి నీలం తిరుగుద్ది. ఆపైన అది ఉత్త రేకుముక్క. దీనికి నీళ్ళరాయి కావాలి, నిదానం కావాలి. రోజుకు నలభై కత్తిపీటలు పడితేగాని నాకు కిట్టదు. ఆ రెండూ నా దగ్గర లేవు."

చేతికి వచ్చే సొమ్మును వద్దన్న మనిషిని బజారులో చూడడం అరుదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం కూడా. ఉక్కును కాల్చి, నీటిలో ముంచి, మళ్ళీ కాస్త వెచ్చజేసి కమ్మరి ఇచ్చే పాయనంలోనే దాని బలమంతా ఉన్నది. పల్చని అంచు అతిగా వేడెక్కితే ఆ పాయనం దిగిపోతుంది. మన కత్తిపీటది మందమైన ఒళ్ళు గనుక ఓర్చుకొంటుంది. ఈ జపాను కత్తిలో నడుమ గట్టి ఉక్కు, రెండు ప్రక్కలా మెత్తని లోహం. అంచుగా బయటపడేది ఆ నడుమ ఉక్కే. గట్టిది గనుక ఎక్కువకాలం తెగుతుంది, గట్టిది గనుకనే మెలిపెడితే పెళుసుగా ఊడుతుంది. ఇదేదో వారి దేశపు రహస్యమనుకోనక్కరలేదు. గొడ్డలికి అంచున ఉక్కు పెట్టించుకోవడం మన పల్లెటూరి రైతులందరికీ తెలిసినదే.

సాయిబుగారు తన చక్రం సంగతి కూడా చెప్పారు. వారి తండ్రిగారి కాలంలో దాన్ని బజారులో కొనేవారు కారట. కురుందపు రాయిని పొడిగొట్టి, కరిగించిన లక్కతో కలిపి, చక్రంగా పోసుకొనేవారట. ఈ కురుందం ఖమ్మం, అనంతపురం ప్రాంతాల్లో దొరికే ఖనిజం. గట్టిదనంలో వజ్రం తరువాత చెప్పుకోదగినది. కెంపులూ నీలాలూ ఈ జాతివే. తమిళులు కురుందం అన్నారు, మనం కురువిందం అన్నాం, ఇంగ్లీషువారు దాన్నే కొరండం చేసికొన్నారు. ఇప్పుడు జపానులో అమ్మే నీళ్ళరాళ్ళకు నంబర్లుంటాయి. 1000 నంబరు రాయి నిత్యపు పదునుకు, 3000, 8000 మెరుగుకు. నంబరు పెరిగినకొద్దీ రేణువు సన్నబడుతుంది. ఆ రాళ్ళలో చాలావాటికి ప్రాణం ఏమిటయ్యా అంటే, కర్మాగారంలో తయారుచేసిన కురుందమే! కత్తి ఒసాకా నుంచి వచ్చినా, దానికి పదును పెట్టే పదార్థానికి పేరు మనవైపు నుంచే వెళ్ళిందన్నమాట.

"బాపట్లలో ఒక పెద్దాయనున్నారు. మంగలి పని. ఆయన పొదిలో పాతరాయి ఉంది. నా పేరు చెప్పండి" అన్నారు సాయిబుగారు, సైకిలెక్కుతూ.

బాపట్లలో నాకు పరీక్షల పని ఉండనే ఉన్నది. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా రైలు పోతుంటే రెండు వైపులా కోతలు నడుస్తున్నాయి. కోతమిషన్లు ఒక పూటలో మడికి మడి గొరిగేస్తున్నాయి. అక్కడక్కడ, పైరు పడిపోయిన చోట, ఇంకా కొడవళ్ళు కనిపించాయి. వరి కోసే కొడవలికి రాతితో పని లేదు. దాని అంచున సన్నని పళ్ళుంటాయి. వాటిని కక్కు అంటారు. అరిగితే కమ్మరి ఉలితో మళ్ళీ కక్కు కొట్టాలి. వెనుక కోతల ముందు రోజుల్లో కమ్మరి కొలిమి దగ్గర పెళ్ళివారి విడిదికి మల్లే జనం ఉండేవారు.

బాపట్ల దగ్గర పడేసరికి నల్లమట్టి పలచబడి ఇసుక మొదలవుతుంది. ఊరికి పేరిచ్చిన భావనారాయణస్వామి గుడి, 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక సముద్రతీరం ఈ ఊరి ప్రసిద్ధులు. 2022లో జిల్లా కేంద్రం కూడా అయింది. రేపల్లె ఈ జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. అక్కయ్యకూ నాకూ జిల్లాలు వేరుపడినాయని బావగారు వేళాకోళం చేస్తుంటారు.

పెద్దాయన దుకాణం చిన్నది. రెండు కుర్చీలు, ఒక అద్దం. కుర్చీల దగ్గర కొడుకు పనిచేస్తున్నాడు. తాను గుమ్మం ప్రక్క స్టూలు మీద కూర్చుంటారు. డెబ్భై దాటి ఉంటాయి. సాయిబుగారి పేరు చెప్పగానే నవ్వి, కత్తి అందుకొని, బొటనవ్రేలి గోటిమీద అంచును మెల్లగా నడిపించారు.

"మొక్కపోయిందండీ" అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. మొక్కవోని ధైర్యమని ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి. మొక్కవోవడమంటే అంచు వంగడం, మొండి కావడం అని నిఘంటువు చూసి పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ మాటను దాని సొంత ఇంట్లో, కత్తి చేతబట్టిన మనిషి నోట, వినడం ఇదే మొదలు.

పొదిలోంచి రాళ్ళు తీశారు. ఒకటి గరుకుది, ఇటుకంత. రెండవది అరచేతిలో ఇమిడే నల్లని పలక. నడుమ అరిగి కొంచెం పల్లమైనది. అది వారి తాతగారిదట. దానికి పనిలేకుండా పోయి చాలా ఏళ్ళయింది. ఎయిడ్స్ భయం పుట్టిన తరువాత క్షౌరశాలల్లో మనిషికొక కొత్త బ్లేడు వచ్చింది, పాత మంగలికత్తులు పెట్టెల్లోకి వెళ్ళాయి. అది మంచికే అని ఆయనే అన్నారు. కాని రాయి మీద నీళ్ళు పోసి తుడిచేటప్పుడు ఆయన చేతులు తొందరపడ్డ తీరు చూస్తే, ఆ మంచితో ఆయన ఇంకా పూర్తిగా సమాధానపడలేదని నాకనిపించింది.

మొదట గరుకురాయిని నీళ్ళలో నానవేశారు. బుడగలు ఆగేదాకా తీయలేదు. తరువాత తడిగుడ్డ పరచి, దానిమీద రాయిని కదలకుండా పెట్టి, కత్తిని వాలుగా ఆనించారు. ఎంత వాలు అని అడిగితే, వెన్ను క్రింద రెండు రూపాయి బిళ్ళలు దూరేంత అన్నారు. ఎడమచేతి వ్రేళ్ళు అంచు పైన ఆనించి, కుడిచేత్తో పిడి పట్టుకొని, తోయడం, లాగడం. ఒక ప్రక్క కొంతసేపు, రెండవ ప్రక్క అంతేసేపు. ఊడిన చోట అతకడమంటూ ఉండదు. మిగిలిన అంచునంతా ఆ గుంట అడుగుదాకా అరగదీసి దింపాలి. దానికే గంట పైగా పట్టింది.

రాతి మీద బూడిదరంగు బురద చేరింది. దాన్ని కడుగుదామని నేను చెంబు ఎత్తబోతే చేయి అడ్డం పెట్టారు.

"ఉంచండి బాబూ. ఆ బురదలోనే ఉంది పనితనం."

కొంతసేపటికి నా చూపుడువ్రేలిని పట్టి, అంచుకు అవతలి ప్రక్క అడ్డంగా తాకించారు. సన్నని గరుకు తగిలింది. ఒక ప్రక్క నూరిన లోహం అంచు దాటి రెండవ ప్రక్కకు మడత పడిందన్నమాట. పిడి నుంచి మొన దాకా ఆ గరుకు ఎక్కడా తెగకుండా తగిలితేనే ఆ వైపు పని అయినట్టు. అప్పుడు నల్లపలక తీసి, ఆ గరుకును తేలికచేత్తో తుడిచేశారు. చివర తోలుపట్టీ మీద వెనక్కి లాగి, తన ముంజేతి వెంట్రుకలమీద నడిపించారు. తెల్లవెంట్రుకలు నాలుగు రాలాయి. ఆయన ముఖాన అప్పుడు వచ్చిన నవ్వు ఏ పరీక్షలో నెగ్గిన విద్యార్థి ముఖానా నేను చూడలేదు.

ఆ నల్లరాయి అమ్ముతారా అని అడగాలని నోటిదాకా వచ్చింది. దుకాణంలో కొడుకు ఒక్కసారి ఇటు చూడడంతో మింగేశాను. కూలి ఎంతన్నా ఇవ్వండి అన్నారు. నేను ఇచ్చిన దానిలోంచి సగం తిరిగి ఇచ్చేశారు.

ఒసాకా ప్రక్కన సకాయి అనే ఊరున్నది. కత్తులకు పేరుపడ్డది. అక్కడ కత్తిని సాగగొట్టే కమ్మరి వేరు, పదును పెట్టేవాడు వేరు. రెండూ వేర్వేరు వృత్తులు, జీవితమంతా నేర్చేవి. మన దగ్గర పదును పెట్టడం ఒక వృత్తిగా ఎవరికీ పట్టం కట్టలేదు. మంగలికి తన కత్తి, కమ్మరికి తన ఉలి, ఎవరి పదును వారిదే. రాయి లేకపోయినా సరే. సాయంత్రం సూర్యలంక దారిలో తాటిచెట్టు క్రింద ఒక గీత కార్మికుణ్ణి చూశాను. చదునైన కొయ్య మీద పలుగురాయి పొడి చల్లి, గీతకత్తిని దానిమీద రాస్తున్నాడు. కొయ్యే ఆయనకు సాన. గెల కోత సన్నగా పడకపోతే కల్లు సరిగా ఊరదట.

మర్నాడు తెనాలిలో రైలు మారి రేపల్లె బండి ఎక్కాను. సుమారు 34 కిలోమీటర్ల చిన్న దారి. వేమూరు, పెనుమర్రు దాటితే భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడి స్తూపం త్రవ్వి, రాతి పేటికలు, వాటిలో స్ఫటికపు భరిణెలు వెలికి తీశాడు. ఆ పేటికల మీది బ్రాహ్మీ అక్షరాల గురించి మేము తరగతిలో చెబుతుంటాము. స్ఫటికం గురించి ఎవరమూ చెప్పము. స్ఫటికాన్ని అరగదీయాలంటే కనీసం దానంత గట్టిదైన పొడి కావాలి, నీళ్ళు కావాలి, నెలల ఓపిక కావాలి. రాయి పుట్టని ఈ నేలకు రెండువేల ఏళ్ళకు పూర్వమే అంత నునుపుదేరిన రాయి వచ్చి చేరింది. బండి అక్కడ రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

అక్కయ్య కత్తిని నేలమీద పెట్టించి తీసుకొన్నది. కిటికీ దగ్గరకు వెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాస్త సన్నబడిందేమిట్రా?"

"ఊడిన మేరకు అరగదీయాలి కదా."

"వాడు కనిపెడతాడంటావా?"

"కనిపెడతాడు."

కొంచెంసేపు ఊరుకొన్నది. "పోనీలే. పాడయితే అటకెక్కించలేదు, బాగు చేయించిందని తెలుస్తుందిగా" అని, దోసకాయ తెచ్చి ఒక చెక్క కోసింది. వెలుతురు ఆవలకు కనిపించేంత పల్చన.

తరువాత లోపలికి వెళ్ళి, మా అమ్మ వాడిన కత్తిపీట తెచ్చి నా ముందు పెట్టింది. చింతచెక్క పీట, అలుగు తుప్పు పట్టి ఉన్నది. "ఆ బాపట్ల పెద్దాయనకు దీన్ని కూడా చూపించరా" అన్నది.

దానికి ఒర ఉండదు, ముడుచుకోదు. దినపత్రిక చుట్టి, పురికొస కట్టి, సాయంత్రపు బండిలో ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. పల్లెకోన వచ్చేసరికి కాగితాన్ని చీల్చుకొని అలుగు కొన బయటపడింది. భట్టిప్రోలు వచ్చేసరికి నా బల్లమీద నేనొక్కణ్ణే మిగిలాను.