దారి తెలిసి పిలవాలి

చౌటుప్పల్‌లో బస్సు దిగి ఎవరిల్లయినా అడగండి. "గట్లనే ముంగటికి పోయి, చింతచెట్టు కాడ ఎడమ దిక్కు తిరుగుండ్రి" అంటారు. అడిగినవాడు అక్కడే నిలబడి ఉన్నాడు కనుక ఆ మాట చాలు. అదే మనిషి హైదరాబాదు నుంచి ఉత్తరం రాయాలంటే జిల్లా పేరు నుంచి ఇంటి నంబరు దాకా అన్నీ కావాలి. కంప్యూటరు లోకంలోనూ ఈ రెండు పద్ధతులే ఉన్నాయి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవెందుకంటారా? మా నాయిన ఊరూరా తిరిగి సామెతలు పోగుచేశాడు. ఇరవై యేళ్ళ కిందట వాటిని డీటీపీ చేయించి దాచాడు. ఆయనా పోయాడు, ఆ పాత ఫాంటూ పోయింది. ఇప్పుడు ఫైలు తెరిస్తే సామెతలకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. వాటిని యూనికోడు తెలుగులోకి మార్చే స్క్రిప్టును పైథాన్ భాషలో రాసి, పాత శిష్యుడొకడు పంపించాడు. ఈ పైథాన్ కొండచిలువ కాదు లెండి. ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం నుంచి తీసుకున్న పేరు. 1991లో బయటికొచ్చింది. తెలుగు లిపికి చోటిచ్చిన తొలి యూనికోడు ప్రమాణం వచ్చిందీ ఆ యేడే.

నడిపే పద్ధతి ఇది. నల్లని కిటికీలో "పైథాన్" అని కొట్టి, చోటు విడిచి, స్క్రిప్టు ఉన్న దారి రాసి ఎంటర్ నొక్కాలి. డ్రైవు పేరుతో మొదలుపెడితే అది పూర్తి చిరునామా. ఎక్కడినుంచి పిలిచినా పలుకుతుంది. మనమున్న ఫోల్డరు నుంచి రాస్తే చింతచెట్టు గుర్తు. అందులో ఒక చుక్క అంటే "ఇక్కడే", రెండు చుక్కలంటే "పై ఫోల్డరులోకి".

ఫోల్డరు పేరు "నాయిన సామెతలు" అనుకోండి. మధ్యనున్న ఖాళీ వల్ల యంత్రానికది రెండు మాటలు. "నాయిన" దగ్గరే ఆగిపోయి, అటువంటిది లేదంటుంది. అటూ ఇటూ కొటేషను గుర్తులు పెడితే రెండూ కలిసి సమాసమవుతాయి! వ్యాకరణం ఇక్కడా మనల్ని వదలలేదు.

అసలు గమ్మత్తు వేరే ఉంది. స్క్రిప్టును పూర్తి చిరునామాతోనే పిలిచినా, అది లోపల ఏ ఫైలునైనా పొట్టిపేరుతో అడిగితే, తానున్న చోట వెతకదు. మనం నిలబడ్డ చోట వెతుకుతుంది. అందుకని ముందు "సీడీ" అనే ఆజ్ఞతో నాయిన ఫోల్డరులోకి వెళ్ళి, అక్కడినుంచి పిలిచాను.

తెరమీద తెలుగు వచ్చింది. మా అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చదివి, "ఇది మీ నాయిన మా తల్లిగారి ఊర్ల విన్నది" అన్నది. ఆ సంగతి ఏ ఫైలులోనూ లేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె చెబుతుంటే, సామెత పక్కన ఊరి పేరు చేరుస్తున్నాను. మీ ఇళ్ళలోనూ అటువంటి పాత ఫైళ్ళుంటే, చెప్పగల పెద్దలుండగానే తెరవండి.