స్పీడ్ తర్వాత, ముందు చెయ్యి

శనివారం పొద్దున టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో ఏ సాఫ్ట్‌బాల్ మైదానానికి వెళ్లినా కంచె పక్కన తెలుగు మాట వినపడుతుంది. మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ కూతుళ్ల ఆట చూసే అమ్మానాన్నలు ఏటికేడాది పెరుగుతున్నారు. మా అమ్మాయి పన్నెండేళ్లలోపు జట్టులో పిచ్చర్. ఊరి నుంచి ఫోన్ చేసే మా అన్నయ్య దగ్గర్నుంచి పక్క కుర్చీలో కూర్చున్నావిడ దాకా అందరూ అడిగేది ఒకటే: “స్పీడెంత వేస్తుంది?” నా కళ్లు మాత్రం రాడార్ గన్ మీద ఉండవు, పిల్ల చేతి మీద ఉంటాయి. ఆ చెయ్యి ఎలా తిరుగుతోందో, ఎంత అలిసిందో కనిపెట్టుకుని ఉంటే స్పీడు దానంతటదే వస్తుందని నా నమ్మకం.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు బౌలింగ్ అంటే చెయ్యి తల మీదుగా రావాలి. ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో బంతిని కింది నుంచి, తుంటి పక్కన వదలాలి. పరుగెత్తుకుంటూ రావడం ఉండదు. బేస్‌బాల్‌లోలా ఎత్తయిన మట్టిదిబ్బ కూడా ఉండదు. చదునైన నేల మీద, రబ్బరు పలకకు పాదం ఆనించి మొదలుపెట్టాలి. ఈ వయసు పిల్లలకు అక్కణ్నుంచి హోమ్ ప్లేట్ 40 అడుగులు, హైస్కూల్లోనూ కాలేజీలోనూ 43 అడుగులు. పన్నెండంగుళాల చుట్టుకొలత ఉన్న బంతిని ఒక్క పెద్ద అంగతో, చేతిని ఒక్క చుట్టు తిప్పి అంత దూరం విసరాలి. దీన్నే విండ్‌మిల్ అంటారు.

కోచ్‌లు ఈ చుట్టును గడియారం లెక్కలో చెబుతారు. మూడో బేస్ వైపు కూర్చుని చూస్తే కుడిచేతి పిచ్చర్ చెయ్యి ఆరు దగ్గర మొదలై, బ్యాటర్ వైపు మూడు, తల పైన పన్నెండు, వెనక రెండో బేస్ వైపు తొమ్మిది దాటుకుని మళ్లీ ఆరుకు వస్తుంది. బంతి వదిలేది అక్కడే. పన్నెండు దాకా చేతికి పెద్ద పని లేదు. తొమ్మిదికీ ఆరుకీ మధ్య, కంటికి అందనంత వేగంగా జరిగేదే అసలు పిచింగ్.

మా అమ్మాయి కోచ్ ఆ ముక్కనొక్కదాన్నే విడదీసి చేయిస్తారు. పిల్లను మూడో బేస్ వైపు తిప్పి నిలబెట్టి, చెయ్యి తొమ్మిది దగ్గర ఆపమంటారు. అరచెయ్యి పైకి ఉండాలి, మోచెయ్యి కొద్దిగా వంగి ఉండాలి. అక్కణ్నుంచి మోచెయ్యి ముందు దిగితే, బంతి పట్టుకున్న ముంజెయ్యి దాని వెనక వస్తుంది. పైచెయ్యి పక్కటెముకల దగ్గరికి వచ్చి నెమ్మదిస్తుంది. ముంజేతి లోపలివైపు తుంటిని రాసుకుంటుంది. సరిగ్గా అప్పుడే ముంజెయ్యి లోపలికి తిరుగుతూ ఉండగా బంతి వేళ్ల మీదుగా జారిపోతుంది. జెర్సీకి చెయ్యి రాసుకున్నప్పుడు సర్రుమని చిన్న చప్పుడొస్తుంది. ఆవిడ చెవులు రిక్కించేది దానికోసమే. అది వినపడలేదంటే చెయ్యి ఒంటికి ఎడంగా పోయిందన్నమాట. “మళ్లీ చెయ్యి” అంటారు.

జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల విసిరినవాళ్లకు ఈ కిటుకు చెప్పనక్కర్లేదు. వడిసెల తాడుకు సొంత బలమేమీ లేదు, ఒంటి ఊపును రాయికి చేర్చడమే దాని పని. పిచ్చర్ చెయ్యీ అంతే. వెనక కాలు పలకను బలంగా తన్నాలి. ముందు కాలు నేలమీద ఆనగానే గట్టిగా నిలబడి ఒంటిని ఆపాలి. ఆగిన ఒంటి ఊపు నడుము, భుజం, మోచెయ్యి, మణికట్టు మీదుగా బంతిలోకి పోతుంది. కాళ్లు చెయ్యని పని చేతితో చేయించబోతే భుజం బిగుసుకుంటుంది, నొప్పి అక్కణ్నుంచే మొదలవుతుంది.

“హలో ఎల్బో” అనే పాత పద్ధతిని ఇప్పటికీ చాలాచోట్ల నేర్పుతున్నారు. చెయ్యి పన్నెండు దాటగానే అరచేతిని రెండో బేస్ వైపు తిప్పి, బంతిని కిందికి నెట్టి, మణికట్టు ముందుకు విదిలించి, ఆఖర్న మోచెయ్యి బ్యాటర్‌కు కనిపించేలా పైకెత్తమంటారు. ఒలింపిక్ పిచ్చర్ల వీడియోలను నెమ్మదిగా నడిపి చూడండి. బంతి వదిలే క్షణంలో వాళ్ల ముంజెయ్యి లోపలికి తిరుగుతూ కనిపిస్తుంది. మోచేతిని ఎంత ఎత్తుకు లేపినా, అప్పటికే చెయ్యి దాటిపోయిన బంతికి ఒరిగేదేమీ లేదు.

ఇక అలసట సంగతి. “కింది నుంచి విసిరేదే కదా, భుజానికేమవుతుంది?” అనే మాట ఇక్కడ తరచూ వినపడుతుంది. అది నిజం కాదు. విండ్‌మిల్ విసురులో చేతిని కీళ్ల నుంచి బయటికి లాగేసినట్టవుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి భుజం దగ్గర, మోచేతి దగ్గర ఒంటి బరువులో 70 నుంచి 98 శాతం దాకా బలం కావాలని 1998లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. పైనుంచి విసిరినప్పటికన్నా విండ్‌మిల్‌లోనే బైసెప్స్ కండరానికి శ్రమ ఎక్కువని, అదీ తొమ్మిది దాటి బంతి వదిలేలోపు మరీ ఎక్కువని 2009లో ఇంకో పరిశోధన చూపింది. ఆ కండరం పైకొస భుజం ముందు భాగంలోనే అతుక్కుని ఉంటుంది. పిల్లలు “ఇక్కడ లాగుతోందమ్మా” అని చూపించేది ఆ చోటే.

ఒక ఆదివారం టోర్నమెంట్‌లో, మూడో ఆటకు ముందు, మా అమ్మాయి డగౌట్‌లో అక్కడే రుద్దుకుంటూ కూర్చుంది. కోచ్ చూశారు. ఇంకేమీ అడగకుండా బంతి మరో పిల్ల చేతికిచ్చి, మా అమ్మాయిని ఆ పూటకు బెంచీ మీదే ఉంచారు. ఆ ఆట ఓడిపోయాం. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

అందరూ అలా ఉండరు. జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో 413 పిచ్‌లు వేసి బంగారు పతకం గెలిపించింది. ఆ కథ చెప్పి చిన్నపిల్లలను వరసగా ఆడించేవాళ్లున్నారు. అప్పటికి ఆమెకు 26 ఏళ్లు, దేశం తరఫున ఆడే క్రీడాకారిణి. ఎముకలింకా ఎదుగుతున్న పిల్లలకు ఆ లెక్క వర్తించదు. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో 11, 12 ఏళ్ల పిల్లలు రోజుకు 85 పిచ్‌లు దాటకూడదు. అదే వయసు ఆడపిల్లలు ఆడే చాలా సాఫ్ట్‌బాల్ టోర్నమెంట్లలో అలాంటి హద్దే లేదు. ఇన్నింగ్స్ లెక్క చూస్తే చాలదు, ఎందుకంటే ఒక ఇన్నింగ్స్ పది పిచ్‌లతో ముగియొచ్చు, ముప్పై దాటి సాగొచ్చు.

అందుకే కూతుళ్లను పిచింగ్‌లో పెట్టిన తెలుగు తల్లిదండ్రులకు నా మనవి. మూడో బేస్ వైపు నుంచి వీడియో తీసి, తొమ్మిదికీ ఆరుకీ మధ్య చెయ్యి ఎలా వస్తోందో మీ కళ్లతో చూడండి. మైదానంలోవే కాకుండా వార్మప్‌లో వేసినవీ, పెరట్లో వేసినవీ కలిపి పిచ్‌లు లెక్కపెట్టండి. ఏడాదిలో కొన్ని నెలలు పిచింగ్ పూర్తిగా ఆపించండి. భుజం ముందు నొప్పి అంటే ఆ పూటకు ఆట ముగిసినట్టే, తగ్గకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. 2028లో ఒలింపిక్ సాఫ్ట్‌బాల్ మాకు దగ్గర్లోని ఒక్లహోమా సిటీలోనే జరగబోతోంది. మన పిల్లలు ఆ ఆట చూసొచ్చి, మర్నాడు నొప్పి లేని చేత్తో బంతి పట్టుకోవాలి. అది మనం ఈ వారాంతం పెట్టే లెక్క మీదే ఆధారపడి ఉంది.