వాసన లేని రేవు

బే ఏరియా తెలుగువాళ్ళకి మాంటెరే కొత్తేం కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించే ఊళ్ళలో అది తప్పక ఉంటుంది. అక్వేరియం, క్యానరీ రో, వార్ఫ్ మీద బ్రెడ్డు గిన్నెలో క్లామ్ చౌడర్. ఒక శనివారానికి సరిపోతుంది.

క్యానరీ రో అసలు పేరు ఓషన్ వ్యూ అవెన్యూ. సార్డీన్ చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల వీధి. పడవలు రాగానే ఫ్యాక్టరీ కూత వేస్తే, అర్ధరాత్రయినా పనివాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. జాన్ స్టైన్‌బెక్ ఈ వీధి మీద రాసిన 'క్యానరీ రో' నవల 1945లో వచ్చింది. కొన్నేళ్ళకే సార్డీన్లు మాయమయ్యాయి. అతిగా పట్టడం, సముద్రంలో మార్పులు, రెండూ కారణాలే. 1958లో వీధికి నవల పేరు పెట్టారు. అంటే క్యానరీలు పోతున్నప్పుడే అది అధికారికంగా క్యానరీ రో అయిందన్నమాట! చివరిదైన హోవ్డెన్ క్యానరీ 1973లో మూతపడింది. 1984లో అక్కడే అక్వేరియం తెరిచారు.

నవల కంటే పాత కథ ఇంకోటుంది. 1850ల నుంచే ఆ పక్కన పాయింట్ అలోన్స్ దగ్గర చైనా జాలర్ల పల్లె ఉండేది. రాత్రుళ్ళు పడవల మీద మంటలు వేసి స్క్విడ్ పట్టి, ఒడ్డున ఎండబెట్టేవాళ్ళు. 1880లో హోటల్ డెల్ మాంటే వచ్చింది. ఆ హోటలూ, పల్లె ఉన్న నేలా ఒకే కంపెనీవి. ఎండుతున్న స్క్విడ్ వాసన మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. 1906 మేలో పల్లె చాలావరకు కాలిపోయింది. మళ్ళీ అక్కడ ఇళ్ళు కట్టుకోనివ్వలేదు.

టూరిజం లేకపోతే ఆ వీధి పాడుబడి ఉండేదే. అక్వేరియం వల్ల సముద్రం గురించి పిల్లలు నేర్చుకుంటున్నదీ తక్కువేం కాదు. కానీ రెండు కథల్నీ పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. టూరిస్టుకి జాలరి కావాలి, వాసన వద్దు. చైనా జాలర్లు బతికుండి పని చేస్తున్నారు కాబట్టి అడ్డమయ్యారు. క్యానరీలు చచ్చిపోయాయి కాబట్టి ముద్దొచ్చాయి.

ఇది అమెరికా వాళ్ళ జబ్బని తోసిపుచ్చలేం. ఎండుచేపలు వేయించిన రోజు పక్కింటివాళ్ళకి భయపడి కిటికీలు బిగించుకునే ఇళ్ళు మన హైదరాబాద్ అపార్టుమెంట్లలోనూ ఉన్నాయి. రేవు ఎవరిదో తెలియాలంటే బోర్డు మీద పేరు చూస్తే సరిపోదు. అక్కడ చేపలు ఎండబెట్టుకునే హక్కు ఇంకా ఎవరికుందో అడగాలి.