వలలు బాగుచేసే చోట

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, నౌపడ ఉప్పుమళ్లకు చేరువలో సముద్రపు ఒడ్డున ఉన్న భావనపాడు ప్రధానంగా మత్స్యకారుల గ్రామం. 2023 ఏప్రిల్ 19న మూలపేట వద్ద శంకుస్థాపన జరిగిన ఓడరేవుకు మొదట ఈ ఊరి పేరే ఉండడం వల్ల పత్రికలు చదివేవారికి ఇది రేవు పేరుగానే పరిచయం. అయితే వేసవిలో ఇక్కడికి వచ్చే సందర్శకుడి చూపు ముందుగా ఆగేది ఒడ్డుకు లాగిన పడవల మీద, వాటి పక్కన పోసిన వలకుప్పల మీద. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలంగా గుర్తించిన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మరపడవలతోనూ మోటారు పడవలతోనూ వేట చేయడాన్ని ప్రభుత్వం ఏటా నిషేధిస్తుంది. వేట లేని ఆ రోజుల్లోనే వలల బాగుచేత ముమ్మరంగా సాగుతుంది.

ఈ కథనానికి ఆధారమైన సందర్శనలో సరుగుడు చెట్ల నీడన వల పట్టుకుని కూర్చున్న ఒక వృద్ధుడు, వయసు మీదపడి వేటకు వెళ్లడం మానినా, ఇతరుల వలలు బాగుచేస్తూ కనిపించారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత, కూలిన పాక కింద చిరిగిన వలలో కాళ్లు చిక్కుకుని పడివున్న ఒక కుక్కపిల్లను ఆయన విడిపించి ఇంటికి తెచ్చుకున్నారు. నల్లగా ఉండడంతో దాన్ని కర్రి అని పిలిచేవారు. ఈ ప్రాంతంలో కర్రి అంటే నలుపే. ఆయన పని చేస్తున్నంతసేపూ అది వలకుప్ప మీదే పడుకునేదట. జబ్బుచేసి అది చనిపోయాక, దాన్ని తీరానికి ఎగువన ఇసుకలో పాతిపెట్టి వచ్చిన రోజు తనను పలకరించడానికి ఎవరూ రాలేదని ఆయన చెప్పారు. అందులో ఎవరి మీదా నిష్ఠూరం లేదు. మనిషి పోతే పదకొండు రోజుల కర్మకాండ ఉంటుంది, బంధువులు వస్తారు, ఎవరు ఎప్పుడు ఏం చేయాలో ఊరికి తెలుసు. ఊరకుక్క పోతే అలాంటిదేమీ లేదు.

సామాజికశాస్త్రంలో దీనికొక పేరుంది. నష్టం నిజమైనదే అయినా దాన్ని చుట్టూ ఉన్నవారు నష్టంగా ఒప్పుకోనప్పుడు, బహిరంగంగా ఏడ్చే వీలు లేనప్పుడు కలిగే వ్యథను అమెరికన్ పండితుడు కెన్నెత్ డోకా 1989లో వెలువరించిన గ్రంథంలో, తెలుగులో గుర్తింపుకు నోచని దుఃఖం అనదగిన మాటతో, విశదీకరించారు. అలాంటి దుఃఖాన్ని అల్పమైనదిగా చూడడం మన సంప్రదాయానికి కూడా తగదు. భారత కథ ఆరంభంలోనే, ఏ తప్పూ చేయని తన బిడ్డను జనమేజయుడి తమ్ములు కొట్టారని దేవతల కుక్క సరమ ఆ రాజు ఎదుటికే వచ్చి నిలదీస్తుంది; నన్నయ తెలుగు భారతంలోనూ ఆ ఘట్టం ఉంది. కుక్క పక్షాన పలికిన ఆ మాటను ఇతిహాసం అంత ముందుగా వినిపించడం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం.

పని విషయానికొస్తే, వల బాగుచేతలో మొదట జరిగేది కుట్టడం కాదు, కోయడం. చెక్కుచెదరని వలలో ప్రతి ముడి దగ్గరా నాలుగు పోగులు కలుస్తాయి. చిరుగు అంచున వాటిలో కొన్ని తెగి వేలాడుతుంటాయి. ఒక్క పోగు మాత్రమే తెగి మూడు మిగిలిన ముడిని వెతికి అక్కడ పని మొదలుపెట్టాలి, అలాంటిదే మరో ముడి దగ్గర ముగించాలి. నడుమ వచ్చే ముళ్లన్నిటికీ రెండేసి పోగులు మిగిలేలా చాకుతో కోసుకుంటూ పోవాలి కనుక, చిరుగు పూడకముందు మరింత పెద్దదవుతుంది. ఆ తరువాత, మధ్యలో నాలుకలాంటి పుల్లకు దారం చుట్టి ఉన్న సూదిని పై కంటిలోంచి తీసి, పోగును బొటనవేలితో అదిమి, దారాన్ని రెండు పోగుల వెనకగా తిప్పి, ఏర్పడిన ఉచ్చులోంచి లాగి బిగిస్తారు. నైలాను నున్నగా జారుతుంది కాబట్టి బిగింపు చాలకపోతే ముడి జరిగి, కన్ను కొలత తప్పుతుంది. కొత్త వల అల్లేటప్పుడు కన్ను కొలతకు బద్ద వాడతారు. ఈ వృద్ధుడికి మాత్రం వేళ్లే కొలత.

కర్రి పోయిన తొలి రోజుల్లో వలకుప్పను విప్పినప్పుడల్లా ముళ్లలో ఇరుక్కున్న నల్లటి వెంట్రుకలు కనిపించేవని, వాటిని ఒక్కొక్కటిగా లాగి తీసేవాడినని ఆయన చెప్పినప్పుడు చేతులు ఆగలేదు. దుఃఖానికీ పనికీ మధ్య సాగే ఈ కదలికను అర్థం చేసుకోవడానికి మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన నమూనా ఉపకరిస్తుంది: ఆప్తులను కోల్పోయినవారు కాసేపు ఆ నష్టం వైపు, కాసేపు ముందున్న జీవితపు పనుల వైపు మారిమారి మొగ్గుతారని, రెండింటి మధ్య ఆ ఊగిసలాటే దుఃఖాన్ని భరించడానికి తోడ్పడుతుందని దాని సారాంశం. వల పని ఆ రెండింటికీ ఒకే చోట తావిస్తుంది, ఎందుకంటే ముడి వేసే క్షణంలో మనసు వేలి కొసన ఉండక తప్పదు, సూదికి మళ్లీ దారం చుట్టేటప్పుడు మాత్రం ఎటైనా పోవచ్చు. అయినా ఇది సర్వరోగనివారిణి కాదు. వెలుగు చాలక సూది పక్కన పెట్టాక, అన్నం వేళకు గుమ్మం వైపు చూడకుండా ఉండలేకపోతున్నానని ఆయనే అన్నారు.

పలకరించడానికి రాని ఊరివాళ్లు ఈసారి నిషేధం మొదలైన వెంటనే, మునుపటికన్నా ముందుగా, తమ చిరిగిన వలలు తెచ్చి ఆయన దగ్గర పడేశారు. అది తెలిసి చేసిన ఓదార్పా, వేట మొదలయ్యేలోగా పని తెమలాలన్న తొందరా అని అడిగితే ఆయన బదులివ్వలేదు. ఈ రచయితకు మొదటిదే నిజమనిపిస్తుంది.

వల గుడ్డను ఇప్పుడు ఫ్యాక్టరీల్లో యంత్రాలు నేస్తున్నాయి గానీ, ఏ రెండు చిరుగులూ ఒక్క ఆకారంలో ఉండవు కాబట్టి బాగుచేత నేటికీ చేతిపనిగానే మిగిలింది. పెద్ద చిరుగులకు పాత వల ముక్కను కోసి అతుకు వేస్తే పని త్వరగా తెములుతుందని పడవల యజమానులు కొందరు కోరుతున్నా ఆయన ఒప్పుకోవడం లేదు. అతుకు పడిన చోట వల ఒకవైపు లాగేసి నీటిలో సరిగా నిలవదని ఆయన చెప్పే కారణం సబబైనదే. దానితోపాటు, పని త్వరగా అయిపోకూడదన్న కోరిక కూడా ఉందని ఆయన దాచలేదు. ఎక్కువ పొద్దు పట్టినా అతుకుకు ఇచ్చే కూలి మాత్రమే తీసుకుంటానని యజమానులతో ముందే మాట్లాడుకున్నారు.