స్నోర్లాక్స్ ఓర్పు లెక్క



ఈసారి మీ జాబుల్లో సగానికి పైగా ఒకే ఫిర్యాదు. "పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల్లో స్నోర్లాక్స్ లేని టీమ్ టీమే కాదంటారు. మేం పెట్టుకుంటే మాత్రం అది పట్టుమని పది టర్న్‌లు నిలబడదు. ఎందుకని?" ఆన్‌లైన్ పోరాట వేదిక పోకెమాన్ షోడౌన్‌లో రెండో తరం (అంటే గోల్డ్, సిల్వర్) పోటీలు ఆడుతున్న కొందరు తమ ఆటల రీప్లేలు కూడా పంపారు. చూశాను. అన్నింట్లోనూ కథ ఒకటే. స్నోర్లాక్స్ దిగుతుంది, బాడీ స్లామ్ కొడుతుంది, ఇంకోటి కొడుతుంది, దెబ్బలు తింటుంది, పడిపోతుంది. ఒళ్లు పెద్దది కదా, దాని సంగతి అదే చూసుకుంటుందని వదిలేశారు. అందుకని ఈ ఉత్తరం మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. స్నోర్లాక్స్ అంటే రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు, 460 కిలోల బరువు, తిండీ నిద్రా తప్ప వేరే ధ్యాస లేని జీవి. మొదటి తరం రెడ్, బ్లూ ఆటల్లో దారికి అడ్డంగా పడుకుని ఉంటుంది, పోకే ఫ్లూట్ ఊదితే గానీ లేవదు. అప్పటికే మంచి పోరాటగత్తె. దాన్ని రాణిని చేసింది మాత్రం 1999లో జపాన్‌లో విడుదలైన గోల్డ్, సిల్వర్. మొదటి తరంలో "స్పెషల్" అని ఒకటే అంకె ఉండేది, స్నోర్లాక్స్‌కు అది 65. రెండో తరంలో దాన్ని స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్ అని రెండుగా విడగొట్టారు. అటాక్ వైపు 65 అలాగే ఉండిపోయింది, డిఫెన్స్ వైపు 110 దక్కింది. పైగా అదే తరంలో లెఫ్టోవర్స్ అనే వస్తువు వచ్చింది. పట్టుకున్న పోకెమాన్‌కు ప్రతి టర్న్ చివరా మొత్తం హెచ్‌పీలో (ప్రాణశక్తిలో) పదహారో వంతు తిరిగి వస్తుంది. తిండిపోతు చేతికి మిగులు అన్నం ఇచ్చారన్నమాట. ఆ ఆటల్లో అడవి స్నోర్లాక్స్‌ను పట్టుకుంటే లెఫ్టోవర్స్ దానితోనే వస్తుంది కూడా.

ఇప్పుడు అసలు లెక్క. లెవెల్ 100లో, పూర్తిగా పెంచిన స్నోర్లాక్స్‌కు హెచ్‌పీ 523, అటాక్ 318, డిఫెన్స్ 228, స్పెషల్ డిఫెన్స్ 318, స్పీడ్ 158. ఒక పోకెమాన్ ఎంత ఓర్చుకుంటుందో చూడాలంటే డిఫెన్స్ ఒక్కటే చూస్తే చాలదు, దాన్ని హెచ్‌పీతో గుణించాలి. స్పెషల్ వైపు ఈ గుణకారం 1,66,000 దాటుతుంది. మెరుపు పక్షి జాప్‌డోస్ కొట్టే థండర్ సామాన్యమైన దెబ్బ కాదు. అయినా క్రిటికల్ (అదృష్టం కొద్దీ పడే పెద్ద దెబ్బ) పడకపోతే మూడు థండర్లు వరుసగా తగిలినా ఇది చావదు. శారీరక దెబ్బల వైపు మాత్రం 1,19,000 దగ్గర ఆగిపోతుంది. ఫైటింగ్ జాతి మచాంప్ కొట్టే క్రాస్ చాప్ ఒక్కటి పడితే సుమారు 340 నుంచి 400 దాకా పోతుంది. రెండోది పడితే అయిపోయినట్టే.

మీ రీప్లేల్లో ఓడింది ఇక్కడే. కవచానికి ఒకవైపు సందుంది, ఆ సందును మూసే మూవ్ చేతిలో ఉండీ దాన్ని మొదట వాడలేదు. ఆ మూవ్ కర్స్. అది వేస్తే అటాక్, డిఫెన్స్ రెండూ ఒక్కో మెట్టు పెరుగుతాయి, స్పీడ్ ఒక మెట్టు తగ్గుతుంది. ఎలాగూ అందరికంటే వెనకే కదిలే జీవికి స్పీడ్ తగ్గితే పోయేదేముంది? ఒక్క కర్స్‌తో డిఫెన్స్ 342 అవుతుంది, గుణకారం 1,78,000 దాటుతుంది. అంటే అంతవరకు బలహీనమైన వైపు ఒక్క టర్న్‌లో బలమైన వైపును మించిపోతుంది. అదే మచాంప్ ఇప్పుడు రెండు క్రాస్ చాప్‌లు కొట్టినా, మధ్యలో లెఫ్టోవర్స్ తినిపించినది కలుపుకుంటే స్నోర్లాక్స్ ఇంకా నిలబడే ఉంటుంది. ఊరికే నిలబడటం కూడా కాదు, ఈలోపు దాని అటాక్ 477కి చేరి ఉంటుంది. నన్నడిగితే రెండో తరం మొత్తంలో ఒక మూవ్‌కూ ఒక పోకెమాన్‌కూ ఇంత చక్కగా కుదిరిన జోడీ ఇంకోటి లేదు.

అయితే గుర్తుంచుకోండి, క్రిటికల్ హిట్ ఈ కర్స్‌ను లెక్కచేయదు. మామూలు మూవ్‌లకు క్రిటికల్ పడే అవకాశం పదిహేనింట ఒకటి. క్రాస్ చాప్‌కు మాత్రం నాలుగింట ఒకటి. కాబట్టి ఎదుట మచాంప్ ఉండగా కర్స్ మీద కర్స్ వేస్తూ కూర్చోవడం ధైర్యం కాదు, జూదం. దాన్ని ఆపడానికి గెంగార్‌నో, ఇంకో దెయ్యం జాతి పోకెమాన్‌నో టీమ్‌లో పెట్టుకోండి. ఫైటింగ్ దెబ్బలు వాటికి తగలవు.

ఇక రెస్ట్. హెచ్‌పీ మొత్తం తిరిగి వస్తుంది, పక్షవాతం, విషం లాంటివి పోతాయి, బదులుగా రెండు టర్న్‌లు నిద్ర. కర్స్ మెట్లు నిద్రలోనూ పోవు. ఎప్పుడు పడుకోవాలన్నదే ఇక్కడ విద్య. చాలామంది హెచ్‌పీ ఎర్రగా అయ్యాక పడుకుంటారు. అప్పటికి ఆలస్యం, ఒక్క క్రిటికల్ చాలు. సగం దాటి కిందకు దిగగానే, ఎదుట ఉన్నది మీకు పెద్దగా హాని చేయలేనిదైతే అప్పుడే పడుకోబెట్టండి. స్లీప్ టాక్ పెట్టుకుంటే నిద్రలోనూ కొట్టవచ్చు గానీ ఒక మూవ్ స్థానం పోతుంది. నేనైతే దాని బదులు ఎర్త్‌క్వేక్‌కే ఓటేస్తాను. టైరానిటార్, స్టీలిక్స్, గెంగార్ మూడింటినీ అది భయపెడుతుంది. ఆ తరంలో గెంగార్‌కు గాలిలో తేలే లెవిటేట్ ఇంకా రాలేదు కాబట్టి నేల దెబ్బ దానికి గట్టిగానే తగులుతుంది.

ఇంతవరకు చెప్పింది అందరికీ తెలిసిన స్నోర్లాక్స్. మీ దగ్గరున్నది ఏ రకమో అవతలివాళ్లకు తెలియకపోవడం దీని రెండో బలం. కర్స్ వేసే స్నోర్లాక్స్ అనుకుని జాప్‌డోస్‌ను ఎదురుగా నిలబెడతారు. మీది సెల్ఫ్ డిస్ట్రక్ట్ చేస్తుంది. ఆ తరంలో ఈ మూవ్ ఎదుటివాడి డిఫెన్స్‌ను సగానికి కోసి కొడుతుంది, జాప్‌డోస్ పూర్తి ఆరోగ్యంతో ఉన్నా బతకదు. మీది పోయింది, వాళ్ల ఆయువుపట్టూ పోయింది. బెల్లీ డ్రమ్ వేసేది ఇంకో రకం. సగం హెచ్‌పీ ధారపోసి అటాక్‌ను 999కి, అంటే ఆట అనుమతించే గరిష్ఠానికి, తీసుకెళ్తుంది. ఓర్పున్న జీవి చేతిలో తొందరపాటు ఆయుధం అది. చూడ్డానికి భలే ఉంటుంది గానీ కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దని నా సలహా.

స్నోర్లాక్స్‌ను ఎదుర్కోవాల్సి వస్తే? మన పులి మేకల ఆటలో మేకలు పులిని చంపవు, కదలకుండా దిగ్బంధం చేస్తాయి. ఇక్కడా అంతే, కొట్టి చంపాలని చూసినవాళ్లే ఎక్కువగా ఓడిపోతారు. ఉక్కు పక్షి స్కార్మరీని చూడండి. బాడీ స్లామ్ దానికి దోమకాటు, ఎర్త్‌క్వేక్ అసలు తగలదు. స్నోర్లాక్స్ ఓపికగా మూడు కర్స్‌లు వేసుకున్నాక స్కార్మరీ వర్ల్‌విండ్ ఊదుతుంది. స్నోర్లాక్స్ ఇంటికి, కర్స్‌లు గాలికి, వాళ్ల టీమ్‌లోంచి ఇంకెవరో మైదానంలోకి. క్లాయ్‌స్టర్ ముందే స్పైక్స్ పరిచి ఉంటే, ఎగిరేవి కాక దిగిన ప్రతిదానికీ ఎనిమిదో వంతు హెచ్‌పీ కోత. మిస్‌డ్రీవస్ పద్ధతి ఇంకా క్రూరం. మీన్ లుక్‌తో పారిపోకుండా కట్టేస్తుంది, విన్నవాళ్లు కొన్ని టర్న్‌ల తర్వాత పడిపోయే పెరిష్ సాంగ్ పాడుతుంది, లెక్క పూర్తయ్యేలోపు తాను మాత్రం జారుకుంటుంది. 523 హెచ్‌పీ ఉన్నా, ఎన్ని కర్స్‌లు ఉన్నా ఒకటే. ఇక స్నోర్లాక్స్ వైపు నుంచి చూస్తే, స్కార్మరీ బెడద ఎక్కువగా ఉన్నవాళ్లు ఎర్త్‌క్వేక్ తీసేసి ఫైర్ బ్లాస్ట్ పెడతారు. స్నోర్లాక్స్ స్పెషల్ అటాక్ నాసిరకమే అయినా స్కార్మరీ ఉక్కు ఒంట్లో అది సగం ప్రాణం తీసేస్తుంది. ఇక అది ధీమాగా దిగలేదు.

తర్వాతి తరాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడో తరంలో వచ్చిన థిక్ ఫ్యాట్ అనే గుణం వల్ల నిప్పు, మంచు దెబ్బలు సగమయ్యాయి. నాలుగో తరంలో క్లోజ్ కంబాట్ లాంటి ఫైటింగ్ మూవ్‌లు వచ్చి దీని నడుం విరిచాయి. మళ్లీ తల ఎత్తింది సన్, మూన్ ఆటల కాలంలో, జంట పోరాటాల్లో. గ్లటనీ అనే గుణం ఉన్న స్నోర్లాక్స్‌కు ఫిగీ బెర్రీ ఇస్తే, హెచ్‌పీ సగానికి చేరగానే తినేసి సగం హెచ్‌పీ తిరిగి తెచ్చుకునేది. రీసైకిల్‌తో అదే పండు మళ్లీ మళ్లీ. పక్కనున్న తోడు ట్రిక్ రూమ్ వేస్తే నెమ్మదిగా కదిలేదే ముందు కొడుతుంది కాబట్టి కర్స్ వల్ల తగ్గిన స్పీడ్ కూడా లాభమే. అక్కడ బెల్లీ డ్రమ్ ఆడదలచుకున్నవాళ్లకు ఒక చిట్కా. మొత్తం హెచ్‌పీ సరిసంఖ్య అయి ఉండాలి. లెవెల్ 50లో ఏమీ పెంచకపోతే 235. బేసి సంఖ్యలో సగం కోస్తే ఒక్క పాయింట్ పైనే మిగిలి బెర్రీ నోట్లోకి వెళ్లదు. హెచ్‌పీలో 4 ఈవీలు (శిక్షణ పాయింట్లు) వేస్తే 236 అవుతుంది, పని జరుగుతుంది. పూర్తిగా 252 పోసేస్తే 267, మళ్లీ బేసి. 244 దగ్గర ఆపండి, 266 వస్తుంది.

ఇక మీకో చిక్కు. రెండో తరం ఆట. మీకు మిగిలినవి స్నోర్లాక్స్, విద్యుత్ జాతి రైకూ. స్నోర్లాక్స్‌కు మూడు కర్స్‌లు పడ్డాయి, హెచ్‌పీ 200 చిల్లర, మూవ్‌లు కర్స్, బాడీ స్లామ్, ఎర్త్‌క్వేక్, రెస్ట్. అవతల మైదానంలో మూడో వంతు ప్రాణంతో జాప్‌డోస్, బయట పూర్తి ఆరోగ్యంతో స్కార్మరీ. బాడీ స్లామ్ తగిలితే జాప్‌డోస్ చచ్చినట్టే, ఆ సంగతి అవతలివాళ్లకూ తెలుసు. కొడతారా, పడుకుంటారా, రైకూను దింపుతారా? ఊరికే మూవ్ పేరు రాసి పంపకండి. దానికి అవతలివాళ్లు ఏం చేస్తారో, ఆ తర్వాతి టర్న్‌లో మీరేం చేస్తారో కూడా రాయండి. బాగున్న జవాబులు వచ్చే ఉత్తరంలో వేస్తాను.

ఉంటాను,
మీ ఆటల పేజీ రచయిత