తెర లాగే మనిషి

కర్నూలులో మా హాస్టల్ మిద్దె మీద పడుకుని, ఓ రాత్రి ఫోన్‌లో పాత సినిమా పెట్టా. 1933లో వచ్చిన ‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’. బ్లాక్ అండ్ వైట్. పది నిమిషాలు చూసి ఆపేద్దామనుకున్నా. ఆపలేకపోయా.

కథ చిన్నదే. అమెరికాలో పనుల్లేక జనం అల్లాడుతున్న రోజులు. నాటకం ఆడకపోతే అందరి కూడూ పోతుంది. సరిగ్గా ముందురోజు రాత్రి హీరోయిన్ కాలు విరుగుతుంది. వెనక వరసలో డ్యాన్స్ చేసే పెగ్గీ ముందుకొచ్చి గెలిపిస్తుంది.

నన్ను పట్టేసింది మాత్రం చివరి సీన్. జనం పెగ్గీని పొగుడుతూ బయటికొస్తుంటారు. అందరితో రాత్రీపగలూ రిహార్సల్స్ చేయించిన డైరెక్టర్ మార్ష్, పక్కనే మెట్ల మీద ఒంటరిగా కూర్చుని వింటుంటాడు. ఒక్కరూ గుర్తుపట్టరు.

నాకెందుకంత తగిలిందంటే, ఆ వారమే మా కాలేజీ నాటకం. నాకు వేషం దొరకలేదు, తెర లాగే పనిచ్చారు. సిగ్గేసి ఇంట్లో చెప్పలేదు.

పొద్దున్నే అవ్వకు ఫోన్ చేసి చెప్పేశా. మాది కడప జిల్లా చక్రాయపేట వైపు. 1885లో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడి సురభి నాటకాలకు పునాది వేసిన సురభి గ్రామం ఆ పక్కనే. సురభి కుటుంబాల్లో ఇంటిల్లిపాదీ నాటకమే. వేషాలూ వాళ్లవే, తెరలూ లైట్లూ వాళ్లవే.

అవ్వ నవ్వింది. “తెర లాగేవోడు లేకుంటే రాజు యాడినుంచి వస్తాడ్రా?”

వెంటనే నాయనకు ఫోన్ చేసి నాటకానికి రమ్మన్నా. నేను కనపడనని కూడా చెప్పా.